అరిజోనా స్టేట్ అంత దూరం నుంచి ఎన్‌సీహెచ్‌సీలోకి ఎలా వచ్చింది? తరచుగా అడిగే ప్రశ్నలు

అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఉన్న టెంపీలో ఎంఎస్ చదివే మన పిల్లలు, దాని హాకీ స్టేడియం మల్లెట్ అరీనా పక్క నుంచి వెళ్తూనే ఉంటారు. లోపల ఆడేది ఎవరు, నార్త్ డకోటా నుంచీ మిషిగన్ నుంచీ జట్లు ఇక్కడిదాకా ఎందుకు వస్తున్నాయన్నది మాత్రం చాలామందికి అంతుపట్టదు. అలాంటివాళ్లు అడిగేవీ, కాలేజీ హాకీని కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లు అడిగేవీ కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాం.

ఇది ఏ హాకీ?

మంచు మీద ఆడే ఐస్ హాకీ. అమెరికాలో యూనివర్సిటీ జట్ల మధ్య జరుగుతుంది. దేశం మొత్తం మీద పై స్థాయిలో, అంటే డివిజన్ 1లో, మగవాళ్ల జట్లు అరవై పైచిలుకు మాత్రమే. బాస్కెట్‌బాల్‌లో ఆ సంఖ్య మూడొందలు దాటుతుంది. తక్కువ జట్లు, అవీ ఎక్కువగా చలి రాష్ట్రాల్లోనే. దూరం గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

అసలు ఏం జరిగింది?

కాలేజీ జట్లు కలిసి కట్టుకున్న లీగుని ఇక్కడ కాన్ఫరెన్స్ అంటారు. 2023 జూలై 5న నేషనల్ కాలేజియేట్ హాకీ కాన్ఫరెన్స్, అంటే ఎన్‌సీహెచ్‌సీ, అరిజోనా స్టేట్‌ను తన తొమ్మిదో సభ్యురాలిగా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. 2024-25 సీజన్ నుంచి ఆట మొదలైంది. అప్పటిదాకా ఆ లీగులో ఉన్న ఎనిమిది జట్లు డెన్వర్, కొలరాడో కాలేజ్, నార్త్ డకోటా, మిన్నెసోటా డులూత్, సెయింట్ క్లౌడ్ స్టేట్, ఒమాహా, వెస్టర్న్ మిషిగన్, ఒహాయోలోని మయామీ. అందరూ శీతాకాలం మంచు ఎత్తిపోసుకునేవాళ్లే. వాళ్ల మధ్యకి అక్టోబరులో కూడా ముప్ఫై డిగ్రీలు దాటే ఊరి నుంచి ఒక జట్టు వచ్చి చేరింది.

యూనివర్సిటీ బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌లో ఉంది కదా, హాకీకి వేరే కాన్ఫరెన్స్ ఎందుకు?

బిగ్ 12లో హాకీ లేదు. అరిజోనా స్టేట్ అంతకుముందు ఉన్న ప్యాక్-12లోనూ లేదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఒక గొడుగు కింద, హాకీ మరో గొడుగు కింద ఉండటం ఇక్కడ మామూలే. కొలరాడో కాలేజ్ మిగతా ఆటలు దాదాపు అన్నీ డివిజన్ 3లో ఆడుతుంది, హాకీ మాత్రం డివిజన్ 1. డులూత్, సెయింట్ క్లౌడ్ మిగతా ఆటల్లో డివిజన్ 2. అంటే ఫుట్‌బాల్‌లో కోట్లకు కోట్లు తిరిగే అరిజోనా స్టేట్, రెండువేల చిల్లర మంది విద్యార్థులున్న కొలరాడో కాలేజ్, ఒకే పట్టికలో పాయింట్ల కోసం కొట్టుకుంటాయన్నమాట. నాకు ఈ ఆట మీద ఇష్టం కలగడానికి సగం కారణం ఇదే.

కాన్ఫరెన్స్ లేకుండా ఒంటరిగా ఆడుకుంటే నష్టమేంటి?

ఏ లీగులోనూ లేని జట్టును ఇండిపెండెంట్ అంటారు. అరిజోనా స్టేట్ తొమ్మిదేళ్లు అలాగే నెట్టుకొచ్చింది. అందులో కష్టం రెండు రకాలు.

మొదటిది షెడ్యూలు. అక్టోబరు, నవంబరుల్లో అన్ని జట్లకూ బయటివాళ్లతో ఆడే ఖాళీ ఉంటుంది. జనవరి వచ్చేసరికి అందరూ తమ తమ లీగు మ్యాచ్‌ల్లో మునిగిపోతారు. ఇండిపెండెంట్ జట్టుకి అప్పుడు ప్రత్యర్థి దొరకడమే గగనం. దొరికినా "మీరే మా ఊరు రండి" అంటారు, ఎదురు మాట్లాడే బలం ఉండదు. కోవిడ్ ఏడాది 2020-21లో ఇది పరాకాష్ఠకి చేరింది. బిగ్ టెన్ అనే మరో లీగు జట్లు ఆడతామన్నాయి, కానీ అన్నీ తమ రింకుల్లోనే, అంటే తమ మంచు మైదానాల్లోనే. అరిజోనా స్టేట్ సీజన్ మొత్తం సూట్‌కేసులతోనే గడిపింది, సొంతగడ్డ మీద ఒక్క మ్యాచ్ లేదు.

రెండోది జాతీయ టోర్నీ బెర్తు. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టే టోర్నీలో 16 జట్లు ఆడతాయి. ఆరు కాన్ఫరెన్స్‌ల టోర్నీ విజేతలకి నేరుగా బెర్తు ఉంటుంది. మిగతా పది, సీజన్ ఫలితాల మీద లెక్కగట్టిన ర్యాంకింగ్‌ని బట్టి ఇస్తారు. ఇండిపెండెంట్‌కి ఆ పది తప్ప వేరే దారి లేదు. 2018-19లో అరిజోనా స్టేట్ ఆ దారినే లోపలికి వెళ్లింది. 1992లో అలాస్కా యాంకరేజ్ తర్వాత అలా వెళ్లిన ఇండిపెండెంట్ అదే. 2023-24లో మాత్రం 24 మ్యాచ్‌లు గెలిచి, ఎనిమిదే ఓడి కూడా ఇంట్లో కూర్చుంది. ర్యాంకింగ్ చాలలేదు. లీగులో ఉండి ఉంటే మార్చిలో నాలుగు మంచి రోజులు చాలు, అంతకుముందు జరిగిందంతా కొట్టుకుపోయేది. ఆ అవకాశమే లేకపోయింది.

దూరం నిజంగా అంత ఎక్కువా?

టెంపీ నుంచి డెన్వర్‌కి గాలిదారిలో సుమారు 950 కిలోమీటర్లు. దగ్గరి పొరుగు కొలరాడో కాలేజ్‌కే దాదాపు తొమ్మిది వందలు! నార్త్ డకోటా ఉన్న గ్రాండ్ ఫోర్క్స్‌కి రెండువేలు. వెస్టర్న్ మిషిగన్ ఉన్న కలమజూకి రెండున్నర వేలు, అంటే హైదరాబాద్–ఢిల్లీ దూరానికి రెట్టింపు. బస్సు మాట మర్చిపోవాల్సిందే.

టైమ్ జోన్ ఇంకో తిరకాసు. అరిజోనా గడియారం ఏడాది పొడవునా కదలదు, ఈ లీగులోని మిగతా రాష్ట్రాలు ఏటా రెండుసార్లు గంట జరుపుకుంటాయి. దాంతో హాకీ సీజన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా టెంపీకి డెన్వర్‌తో సమయం సమానం, గ్రాండ్ ఫోర్క్స్ గంట ముందు, కలమజూ రెండు గంటలు ముందు. అక్టోబరులో ఆడితే ఈ లెక్కలన్నీ మరో గంట పెరుగుతాయి.

అయితే ఒకటి గమనించాలి. ఎన్‌సీహెచ్‌సీ అంతకుముందే విమానాల లీగు. డెన్వర్ నుంచి ఒహాయోలోని ఆక్స్‌ఫర్డ్‌కి 1,700 కిలోమీటర్ల పైనే, 2013-14లో తొలి సీజన్ నుంచీ ఆ జట్లు ఈ దూరం తిరుగుతూనే ఉన్నాయి. పక్క ఊళ్ల జట్లతో కట్టిన లీగయితే అరిజోనా పేరెత్తగానే బెదిరిపోయేది. ఇక్కడ అందరికీ అలవాటే.

మరి ఎనిమిది జట్లు ఎందుకు ఒప్పుకున్నాయి? వాళ్లకేం ఒరిగింది?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. దూరపు జట్టును తీసుకోవాలా వద్దా అన్న చర్చలో అందరూ మ్యాపు చూపించి మాట్లాడతారు, నిర్ణయం మాత్రం ఖాతా పుస్తకం చూసి తీసుకుంటారు.

తేదీల వరస చూడండి. 2014 నవంబరులో అరిజోనా స్టేట్ తన క్లబ్ జట్టును డివిజన్ 1కి తెస్తున్నట్టు ప్రకటించింది. డాన్ మల్లెట్ ముందుండి నడిపించగా దాతలు 3 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చారు. కోచ్ గ్రెగ్ పవర్స్ క్లబ్ రోజుల నుంచీ ఉన్నవాడే. జట్టు ఉంది, డబ్బుంది, రింకే లేదు. ఓషన్‌సైడ్ ఐస్ అరీనా అనే చిన్న రింకులో ఆడేవాళ్లు, వెయ్యి మంది కూడా పట్టరు. ఆ ఏళ్లలో లీగుల మాట వస్తూ పోతూ ఉండేది, తేలేది కాదు. 2022 అక్టోబరులో ఐదువేల సీట్ల మల్లెట్ అరీనా తెరిచారు. ఏడాది తిరక్కుండానే ఆహ్వానం వచ్చింది. టెంపీ అదే చోట ఉంది, దూరం ఒక్క కిలోమీటరు తగ్గలేదు.

రింకు తర్వాత విమానాశ్రయం. ఫీనిక్స్ స్కై హార్బర్ టెంపీని ఆనుకునే ఉంటుంది, దేశంలోని చాలా పెద్ద ఊళ్ల నుంచి నేరుగా దిగొచ్చు. ఆక్స్‌ఫర్డ్ లాంటి కాలేజీ ఊరికి సిన్సినాటిలో దిగి, సామానంతా బస్సుకెక్కించి మళ్లీ రోడ్డు పట్టాలి. మ్యాపులో దూరంగా కనిపించే ఊరు ప్రయాణంలో దగ్గర కావడం ఇలాగే.

ఆ తర్వాత అభిమానులు. మిన్నెసోటా, నార్త్ డకోటాల్లో రిటైరైనవాళ్లు చలికాలం నాలుగు నెలలూ అరిజోనాలో కాపురం పెట్టడం దశాబ్దాల నుంచీ ఉన్నదే. వాళ్ల ఊరి జట్టు ఫిబ్రవరిలో టెంపీకి వస్తుందంటే ఎవరు వదులుకుంటారు? ఇంటి దగ్గర మైనస్ ఇరవైలో ఉన్నవాళ్లు కూడా టికెట్ కొనుక్కుని వచ్చేస్తారు.

కుర్రాళ్ల ఎంపిక కూడా ఉంది. ప్రొఫెషనల్ లీగు ఎన్‌హెచ్‌ఎల్ కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016లో మొదటి పేరు ఆస్టన్ మాథ్యూస్, పెరిగింది టెంపీ పక్కనే ఉన్న స్కాట్స్‌డేల్‌లో. ఎడారిలో హాకీ ఏంటి అనే మాట అప్పటినుంచి చెల్లలేదు. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు కయోటీస్ రెండు సీజన్లు ఇదే మల్లెట్ అరీనాలో తలదాచుకుని 2024 ఏప్రిల్‌లో సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ ఊళ్లో పెద్ద హాకీ చూడాలంటే యూనివర్సిటీ జట్టే దిక్కు.

ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

మామూలుగా ఎవరి ఖర్చు వాళ్లదే. దూరపు జట్టు బలహీనంగా ఉన్నప్పుడు మాత్రం బేరం మారుతుంది. అలాస్కా జట్లు పాత లీగుల్లో ఉన్న రోజుల్లో తమ దగ్గరికి వచ్చే జట్ల ఖర్చులో కొంత తామే భరించేవి. దానికితోడు ఎన్‌సీఏఏ ఒక వెసులుబాటు పెట్టింది. సీజన్‌కి 34 మ్యాచ్‌ల పరిమితి ఉన్నా, అలాస్కాకి వెళ్లి ఆడిన మ్యాచ్‌లు అందులో లెక్కకి రావు. అంత దూరం వెళ్లినందుకు రెండు మ్యాచ్‌లు అదనంగా ఆడుకోవచ్చన్న ఆశ చూపించడమే.

దూరపు మ్యాచ్‌కి వెళ్లడం అంటే ఎలా ఉంటుంది?

కాలేజీ హాకీ శుక్ర, శనివారాల ఆట. ఒకే ప్రత్యర్థితో రెండు రాత్రులు వరసగా. అందుకే దూరం వెళ్లినా గిట్టుబాటవుతుంది, ఒక్క ప్రయాణానికి రెండు మ్యాచ్‌లు. గురువారం బయల్దేరాలి, అంటే గురు, శుక్రవారాల క్లాసులు గల్లంతు. విమానంలో ల్యాప్‌టాప్ తెరిచి అసైన్‌మెంట్లు చేసుకునే కుర్రాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు.

ఆటగాళ్లకంటే సామాను చూసేవాళ్ల కష్టం ఎక్కువ. పాతిక మంది పైన ఆటగాళ్లు, ఒక్కొక్కరికి మనిషి పట్టేంత సంచి, గోల్‌కీపర్ సంచి అయితే దానికి ఒకటిన్నర రెట్లు. కర్రలు కట్టలు కట్టలు. స్కేట్ల పదును పెట్టే యంత్రం సొంతంది పట్టుకెళ్తారు, ఎందుకంటే పదునులో వెంట్రుకవాసి తేడా వచ్చినా కాలి కింద మంచు మారిపోయినట్టు అనిపిస్తుంది ఆటగాడికి. శుక్రవారం రాత్రి మ్యాచ్ అయ్యాక ప్యాడ్లు, గ్లోవ్‌లు చెమటతో పిండితే కారేలా ఉంటాయి. తెల్లారేలోపు ఆరాలి. సామాను గదిలో ఫ్యాన్లు పెట్టి, అన్నీ కొక్కేలకి తగిలించి, ఎవరి జెర్సీ ఎక్కడుందో సరిచూసుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది. శనివారం మ్యాచ్ అవ్వగానే ఆ తడి సామానే మళ్లీ కట్టేసి విమానానికి పరుగు. ఆ సంచుల వాసన గురించి రాయడం కంటే మానేయడమే మేలు.

తొమ్మిది జట్లతో షెడ్యూలు ఎలా కుదురుతుంది?

బేసి సంఖ్య వస్తే ప్రతి వారం ఒకరికి ఖాళీ తప్పదు. లీగులో ఒక్కో జట్టుకి 24 మ్యాచ్‌లు. ఎనిమిది మంది ప్రత్యర్థుల్లో నలుగురితో నాలుగేసి, మిగతా నలుగురితో రెండేసి. గెలుపుకి మూడు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో తేలితే గెలిచినవాళ్లకి రెండు, ఓడినవాళ్లకి ఒకటి. మొదటి ఎనిమిది స్థానాలకే లీగు టోర్నీలో చోటిచ్చారు, తొమ్మిదోది ఆడకుండానే ఇంటికి. 2024-25లో లీగు మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపూ లేని మయామీకి ఆ గతి పట్టింది.

ఇంతకుముందు ఇలా దూరపు జట్లను తీసుకున్నారా? ఏమైంది?

తీసుకున్నారు. కొన్ని నిలిచాయి, కొన్ని మునిగాయి. తేడా ఎక్కడుందో చూస్తే దూరం విషయం తేలిపోతుంది.

నిలిచినదానికి ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉదాహరణ. కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉండే ఈ జట్టు 2006లో అట్లాంటిక్ హాకీ అనే లీగులో చేరింది. మిగతా సభ్యులంతా న్యూయార్క్, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ వైపువాళ్లు. చేరీ చేరగానే 2007, 2008, 2009 టోర్నీ టైటిళ్లు వరసగా ఎగరేసుకుపోయింది. 2018లో జాతీయ టోర్నీలో టాప్ సీడ్ సెయింట్ క్లౌడ్‌ను 4-1తో చిత్తు చేసింది. దేశ సైన్యం వెనక ఉన్న బడికి విమానం టికెట్ల బెంగ ఉండదు, పైగా అదే లీగులో ఆర్మీ అకాడమీ జట్టు కూడా ఉంది. ఆ రెండూ తలపడితే చూడాలని ఎవరికి ఉండదు?

మునిగినదాని కథ కాస్త బాధగా ఉంటుంది. అలబామాలోని హంట్స్‌విల్ యూనివర్సిటీ 1996, 1998ల్లో డివిజన్ 2 చాంపియన్. ఉన్న లీగు 2010లో మూతపడి ఒంటరైంది. 2011లో జట్టునే క్లబ్ స్థాయికి దించేస్తామన్నారు, కొత్త అధ్యక్షుడు వచ్చి ఆ నిర్ణయాన్ని తిప్పికొట్టాడు. 2013 జనవరిలో డబ్ల్యూసీహెచ్‌ఏ అనే లీగు చేర్చుకుంది. ఆ లీగులో అలాస్కా జట్లు రెండున్నాయి. హంట్స్‌విల్ నుంచి అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఐదువేల కిలోమీటర్ల పైనే! ఒకే లీగులో ఆ మూలా ఈ మూలా.

2019 జూన్‌లో మిన్నెసోటా స్టేట్, మిషిగన్ టెక్ సహా ఏడు జట్లు బయటికి వెళ్తున్నట్టు చెప్పేశాయి. దగ్గర దగ్గర ఊళ్లతో సీసీహెచ్‌ఏ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. మిగిలినవి రెండు అలాస్కాలు, హంట్స్‌విల్. 2020 మేలో హంట్స్‌విల్ జట్టును రద్దు చేస్తామంటే అభిమానులు, పూర్వ విద్యార్థులు రోజుల్లో 5 లక్షల డాలర్లకు పైగా పోగేసి ఒక్క సీజన్ బతికించుకున్నారు. 2021లో ఏ లీగూ పిలవలేదు, జట్టు ఆగిపోయింది. యాంకరేజ్ అభిమానులు 30 లక్షల డాలర్లు కూడబెట్టి 2022-23లో తమ జట్టును మళ్లీ మంచు మీదకి తెచ్చుకున్నారు గానీ, లీగు లేకుండానే.

ఏడు జట్లూ దూరం పేరు చెప్పాయి. కాదనను, దూరం ఉంది. కానీ హంట్స్‌విల్‌కి అరిజోనా స్టేట్ దగ్గరున్న దాతలూ, కొత్త రింకూ ఉండి ఉంటే అంత తేలిగ్గా వదిలేసేవారా అంటే నాకు నమ్మకం లేదు. పేదవాడి ఇల్లు ఎప్పుడూ ఊరికి దూరమే.

మరి అరిజోనా స్టేట్ ప్రయోగం ఫలించిందా?

ఆట పరంగా ఊహించినదానికంటే బాగా. ఎన్‌సీహెచ్‌సీ ఆషామాషీ లీగు కాదు. 2016 నుంచి 2025 దాకా జరిగిన తొమ్మిది జాతీయ టోర్నీల్లో ఏడు టైటిళ్లు దీని జట్లవే. అలాంటిచోట తొలి సీజన్‌లోనే అరిజోనా స్టేట్ వెస్టర్న్ మిషిగన్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. సెయింట్ పాల్‌లో లీగు సెమీస్‌లో డెన్వర్ చేతిలో ఓడింది. జాతీయ టోర్నీ బెర్తు మాత్రం దక్కలేదు. సీజన్ మొదట్లో బయటి జట్లతో పోగొట్టుకున్న మ్యాచ్‌లు ర్యాంకింగ్‌లో వెంటాడాయి. పట్టికలో వాళ్లకంటే పైనున్న వెస్టర్న్ మిషిగన్ ఆ ఏడాది జాతీయ చాంపియన్ కూడా అయింది.

ఇంకా దూరపు జట్లు వస్తాయా?

తర్వాత పిలుపు అందుకున్నది సెయింట్ పాల్‌లోని సెయింట్ థామస్, 2026-27 నుంచి. అది లీగు నడిమధ్యలో ఉన్న ఊరు, దూరం ప్రసక్తే లేదు. అయినా అక్కడా పాత కథే. క్యాంపస్‌లో కొత్త రింకు రాబోతుండగా ఆహ్వానం, 2025లో రింకు తెరిచారు. అలాస్కా జట్లు రెండూ లీగు కోసం చూస్తూనే ఉన్నాయి.

టెంపీలో ఉంటే మ్యాచ్ చూడటం ఎలా?

శుక్ర, శనివారాల్లో రాత్రి మ్యాచ్ ఉందేమో యూనివర్సిటీ అథ్లెటిక్స్ సైట్‌లో చూసుకోండి. విద్యార్థులకి గోల్ వెనక వేరే విభాగం ఉంది, అరుపులన్నీ అక్కడే. ఊళ్లో లేకపోతే ఎన్‌సీహెచ్‌సీ టీవీలో చందా కట్టి చూడొచ్చు. మొదటిసారి అయితే నార్త్ డకోటా గానీ డెన్వర్ గానీ వచ్చిన వారం ఎంచుకోండి. బయట ఎంత ఎండగా ఉన్నా స్వెటర్ మర్చిపోవద్దు, రెండో పీరియడ్‌కల్లా కాళ్లు చల్లబడతాయి.